శవం వేషం

హంతకుడెవడో
పరకాల మొత్తానికి శుక్రవారం మ్యాట్నీకే తెలిసింది.
సైకిల్ స్టాండు అయిలయ్య
టోకెనిచ్చుకుంట పేరు చెప్పి పంపేటోడు.

పట్నంల బాగనే ఆడుతున్నదట.
ఇక్కడ లొల్లి వేరే:
పత్తి మార్కెట్ వెనక సందుల దూరినోడు
బస్టాండు కాడ ఎట్ల తేలుతడు?
ఆ సందు మూసి ఆరేండ్లాయె.

బావిల తేలిన శవం మా ఇస్త్రీ ఓదెలు.
మొకం కనవడంగనే ఈలలు, చిల్లర విసురుడు.
రోజుకు ఎనిమిది వందలట,
రెండు రోజులు నానిండు.

సోమవారానికి పదకొండు మందిమి.
ఓదెలు తల్లి కొమురమ్మ
బావి రాకముందే లేచి
బయట మెట్ల మీద కూసున్నది.
గిరక చప్పుడు ఆగినంక
తలుపు సందుల నుంచి అడిగింది:
"తీసిండ్రా పైకి?"

నా పక్క కుర్సీల ఓదెలు
పల్లీల పొట్లం చాపిండు.