హంతకురాలిని మార్చేశారు

ఆదివారం రాత్రి తొమ్మిది కొట్టేసరికి
పబ్బులో పొయ్యి పక్కన తడిసిన కుక్కలు మూడు
ఆవిరి కక్కుతున్నాయి.
ఓస్వాల్డ్ బీరు పంపు వదిలేసి
టీవీ ముందుకి స్టూలు లాక్కున్నాడు.

తొంభై ఏళ్ళ కిందటి కథ.
రాసినావిడ మా ఊళ్ళో రెండు వేసవులు అద్దెకుండి
పాల బాకీ ఎగ్గొట్టి వెళ్ళిపోయిందట,
పాలవాడి మునిమనవడికి ఆ లెక్క ఇంకా నోటికొచ్చు.
పుస్తకంలో ఊరి పేరు మార్చింది గానీ
వంతెన మా వంతెనే, బాతులు మా బాతులే,
శవం బోర్లా పడింది
థాక్రే వాళ్ళ చిక్కుడు పాదులోనే.

మొదటి భాగం సగంలోనే మొదలైంది.
"కర్నల్ మీసం ఏదీ?" అన్నాడు గిల్బర్ట్.
మీసం లేని కర్నల్ చస్తే
మనకేం బాధ, ఎవడో గుమాస్తా చచ్చినట్టుంటుంది గానీ.
మతగురువు వేషం ఆడమనిషికిచ్చారేంటని గొణిగినవాళ్ళు
పక్క బల్ల దగ్గర మా రెవరెండ్ రోవెనాను చూసి
గ్లాసుల్లో మొహాలు దాచుకున్నారు.
పిల్లలకి మాత్రం డాక్టరు నచ్చాడు.
వానలో సైకిలు తొక్కినా
జుట్టు చెదరని డాక్టరు.

నా సంగతీ చెప్పాలి.
చర్చి గంట తాడు లాగిన చెయ్యి నాదే.
మూడు సెకన్లు.
మా ఆవిడ నా గోళ్ళలో మట్టి చూసి
అంతమందిలో తల దించుకుంది.

డోర్కస్ పెటిఫర్ కిటికీ పక్కన కూర్చుంది,
షెర్రీ గ్లాసు ముట్టుకోకుండా.
ముప్ఫై ఎనిమిదేళ్ళు మా పోస్టాఫీసు ఆమెది.
పుస్తకంలో హంతకురాలు పోస్టుమిస్ట్రెస్సే:
స్టాంపు జిగురులో విషం కలుపుతుంది,
కర్నల్ నాలికతో తడిపి, అతికించి,
చిక్కుడు పాదు దాకా నడుస్తాడు. అంతే.

బస్సుల్లో దిగిన యాత్రికులు
"ముందు మీరు నాకండి" అనేవారు ఆమెను.
ఆమె నాకేది.
కళ్ళు తేలేసేది, గొంతు పట్టుకునేది,
తూకం రాళ్ళ మీదుగా వాలిపోయేది.
ఒక్కో చావుకి డజను స్టాంపులు అమ్మేది.
అలా ఎన్ని వందలసార్లు చచ్చిందో
లెడ్జరులో రాయలేదు.
ఆ గది ఇప్పుడు సెలవులకొచ్చేవాళ్ళ అద్దె ఇల్లు,
తలుపుకి అంకెల తాళం.

ఆఖరి భాగం.
డాక్టరే చంపాడు. గ్రీన్ టీలో.
పబ్బంతా గగ్గోలు. కుక్కలు కూడా లేచాయి.
"ద్రోహం" అన్నారు, "చందా కట్టేది ఇందుకా" అన్నారు,
"గ్రీన్ టీ తాగే కర్నలా!" అని గిల్బర్ట్ టోపీ నేలకేసి కొట్టాడు.
ఓస్వాల్డ్ కూతురు మెల్లగా అంది:
"ఇప్పుడు స్టాంపుల్ని ఎవరు నాకుతారు నాన్నా,
అన్నీ స్టిక్కర్లేగా."
ఎవరి దగ్గరా జవాబు లేదు.

డోర్కస్ కోటు గుండీలు పెట్టుకుంది.
"నా పేరున ఒక్క హత్య ఉండేది.
అదీ లాక్కున్నారు."
అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

గొడుగు పట్టి ఇంటిదాకా సాగనంపుతుంటే
ఎర్ర పోస్టుడబ్బా దగ్గర ఆగింది.
సంచిలోంచి కవరు తీసింది,
టీవీ కంపెనీ చిరునామా, నాలుగు పేజీల మందం.
నోటుపుస్తకం మడతలోంచి
రాణిగారి తలతో పాత జిగురు స్టాంపొకటి.
"అది చెల్లదేమో" అన్నాను.
"చెల్లదు. జరిమానా వాళ్ళే కట్టుకుంటారు."
నాలికతో తడిపి
బొటనవేలితో గట్టిగా అదిమింది.
కవరు లోపల పడ్డ చప్పుడు విన్నాక
గొంతు పట్టుకుంది.
కళ్ళు తేలేసింది.
వానలో, వీధి దీపం కింద,
పక్కకి ఒరిగిపోతుంటే
గొడుగు వదిలేసి చెయ్యి చాచాను.

"అడ్డం రాకు" అంది కళ్ళు తెరవకుండానే,
"ఇంకా అయిపోలేదు."