ఎవరెవరు పేరెత్తారు

తార్తులో మార్చి. కిటికీ అవతల ఇంకా మంచే.
లేలో రౌద్‌సెప్ గారు రిటైరవుతున్నారని
లెక్క తీసే పని నాకప్పజెప్పారు.

వ్యాసాలు నూట పన్నెండు.
నాచు మీద రాసినదాన్ని
నేలశాస్త్రం వాళ్ళు ఉదహరించారు, సరే.
కాలిన గాయాల వైద్యులు,
పాత ఓడల చరిత్రకారులు,
ఎందుకో ఒక లాయరు కూడా.

అన్నిటికన్నా ఎక్కువమంది పట్టుకున్నది
డెబ్బై తొమ్మిదిలో ఆవిడ చేసిన పొరపాటుని:
దశాంశ బిందువు ఒక గడి జరిగింది.
నాలుగొందల మంది
మర్యాదగా దిద్దారు.

చెబితే పడీపడీ నవ్వింది.
"పోన్లే, చదివారన్నమాట."

టీ చల్లారాక
ఎండెల్ పేరు చెప్పింది.
పొయ్యిలోకి బాడవమట్టి కోసేవాడు.
పార తగిలి తెగిన పిక్క మీద
తడినాచు అదిమి
"ఇది చీము పట్టనివ్వదమ్మాయ్" అన్నవాడు.

ఆ పేరు వెతికాను.
సున్నా.
స్పెల్లింగు మార్చి
ఇంకోసారి వెతికాను.