తోడుకు బిల్లెంత

ఒంగోలు కర్నూలు రోడ్డులో
టైర్ల కొట్టు మీద మా ఆఫీసు.
మూడు కంప్యూటర్లు, ఒక నీళ్ళ కుండ,
మాలకొండారాయుడు గారు, నేను.

చీమకుర్తి కాటాలకు ప్రోగ్రాములు రాస్తాం.
రాయి లారీ ఎక్కుద్ది, అంకె పడుద్ది, చీటీ చిరుగుద్ది.
రాస్తాం అన్నానా, సగం రాసింది మేం కాదు.
ఎవరో, ఏ దేశంలోనో, నిద్ర మాని రాసి
తలుపు తీసిపెట్టి వెళ్ళిన కోడు.

"ఊరికే వచ్చిందిగా ఖాజాబీ,
మన పేరేసి, తాళమేసి అమ్ముదాం."

ఊరికే.
ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

ఆ రాత్రి కరెంటు పోతే
ఫోను వెలుగులో లైసెన్సు చదివాను.
పెద్దక్షరాల్లో ఒకచోట అరుస్తోంది,
పూచీ లేదు, ఏ పూచీ లేదు అని.
మిగతాదంతా నెమ్మదిగానే చెబుతోంది:
వాడుకో, విప్పి చూడు, మార్చుకో,
అమ్ముకుని డబ్బు తీసుకో, తప్పు లేదు.
కొన్నవాడి చేతికి మాత్రం
నీకు దొరికిందంతా దొరకాలి.

ఇంగ్లీషువాళ్ళకు ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాటంట, పాపం.
మనకు రెండున్నాయి.
అయినా సారుకు ఎట్ట చెప్పాలో తెలీలేదు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పి పెరుగు చూపించా.
"ఇది మా ఎదురింటి రవణమ్మత్త తోడుతో పేరుకుంది సార్.
లీటరు లెక్కన అమ్ముకున్నా ఆమె అడగదు.
కానీ నా దగ్గర కొన్నోళ్ళు
ఒక చెంచా దాచుకుని రేపు తోడేసుకుంటే
వద్దనే పెరుగు యాడన్నా ఉంటదా?"

ఆయన పెరుగన్నం తిన్నాడు.
సాయంత్రం, కాపీయింగ్ అనే ఆ ఫైలు తీసెయ్యమన్నాడు.
తీశానని చెప్పలేదు.
తియ్యలేదనీ చెప్పలేదు.

ఎండలు ముదిరాక పెంచలయ్య ఫోను,
రామతీర్థం దగ్గర కాటా ఆయన.
"ఖాళీ లారీ ఇరవై కిలోలు ఎక్కువ చూపిస్తంది.
మా మేనల్లుడు చూస్తాడంట, లోపలి కోడు పంపండి.
కాపీయింగ్ అని ఏదో ఫైలుందంట, చదివాడు.
అడగొచ్చంట గదా?"

సారు ముఖం చెమట చుక్కలతో
గెలాక్సీ రాయైంది.
నా వైపు చూశాడు. ఫైలు మాట ఎత్తలేదు.
"ఇచ్చేస్తే మనకేం మిగులుద్ది?"

"పోయినేడు తుఫానులో ఆ కాటా మునిగితే
రాత్రి ఒంటిగంటకి బండేసుకుని పోయింది ఎవరు సార్?
పూచీ లేదని వాళ్ళు రాశారు.
మనం అమ్మేది ఆ పూచీనే."

చాలాసేపు ఫ్యాను చప్పుడే.
తర్వాత బిల్లు పుస్తకం తీసి ఆయనే రాశాడు:
ప్రోగ్రాముకు సున్నా.
పిలిస్తే వచ్చి నిలబడినందుకు, ఏడాదికి తొమ్మిది వేలు.
సున్నాను రెండుసార్లు దిద్దాడు, చెయ్యి రాక.

మేనల్లుడు పదకొండో రోజున సరిచేసిన కోడు పంపాడు.
మాకు పంపాలని రూలేం లేదు.
ఎందుకు పంపావయ్యా అంటే
"గిన్నె ఖాళీగా ఎట్ట పంపుతాం మేడం" అన్నాడు.

విప్పి చూశాను.
తప్పు ఆ పరాయి దేశం వాళ్ళది కాదు.
ఒక కూడిక. నేను రాసిందే.
సారుకు ఇంకా చెప్పలేదు.