రెండు వేళ్ళ మందం

చెంగల్రాయులు అంగట్లో చేపల్ని కొన్నప్పుడు
"ఇవి అడుగునే బతికే జాతి" అన్నాడు గానీ
ఆ అడుగున ఏముండాలో చెప్పలేదు.
నేనూ అడగలేదు.
రాయి సంగతి నాకొకరు చెప్పాల్నా?
పదారేళ్ళుగా గ్రానైటుకు పాలిష్ పడతా ఉండాను.

కోత మిషను కింద రాలిన నల్లరాతి పొట్టు,
ఓనరుకు పనికిరానిది, నాకు ఊరికే వచ్చేది,
సిమెంటు సంచిలో మోసుకొచ్చి
గాజుతొట్టి అడుగున పరిచినాను.
లైటు వేస్తే
పెండ్లి హాలు నేల మాదిరి మెరిసింది.
హంసవేణి చప్పట్లు కొట్టింది.

ఆరు చేపలు, బొటనవేలంతేసి.
మూతి కింద సన్నటి మీసాలు.
తిండిని కంటితో కాదు, మీసంతో వెతుక్కుంటాయి,
కరెంటు పోయిన ఇంట్లో
అగ్గిపెట్టె కోసం మనం తడుముకున్నట్టు.

నెల తిరక్కముందే
తడమడం మానేసినాయి.
ఒక మూల చేరి
ఊరికే ఊపిరి తీస్తా ఉండాయి.
హంసవేణి ఫోనులో బొమ్మను పెద్దది చేసి చూపించింది.
"నాయనా, మీసాలు అరిగిపోయినాయి."
ఉండాల్సిన చోట మొండి.
దాని చుట్టూ ఎర్రంగా ఒరుసుకున్న మచ్చ.

నేను బొమ్మను చూసి
నా బొటనవేలు చూసుకున్నాను.

స్టోరులో మిషను నన్ను గుర్తుపట్టి రెండేళ్ళాయ.
"ఇంకో వేలు పెట్టు" అంటాడు డీలరు.
పదీ పెట్టినాను.
తుడుచుకోని పెట్టినాను, తడి చేసుకోని పెట్టినాను.
వెనక వరసలో కుప్పమ్మత్త నవ్వుతాది:
"రాయికి పెట్టే నునుపు
నీ వేళ్ళకూ పెట్టేసుకున్నావు గదరా!"

రాతిపొట్టు పొట్లం కట్టుకోని
చెంగల్రాయులు దగ్గరికే తిరిగి పోయినాను.
అరచేతిలో పోసుకోని పిడికిలి బిగించి
విప్పి చూపించినాడు. చర్మమంతా గీట్లు.
"ఇది మిషను పగలగొట్టింది సామీ,
దీనికింకా కోపం పోలేదు.
నీళ్ళు అరగదీసింది కావాల."
మరి ఆ రంగు గులకరాళ్ళు? అంటే
అమ్ముకునేవాడే వద్దన్నాడు.

నీవా. పేరుకే ఏరు.
వంతెన కింద కంపచెట్లు, కవర్లు, ఆడాడ ఒక మడుగు.
ఇసుకంతా ఎప్పుడో ఇండ్లయిపోయింది.
బండ వెనక, ట్రాక్టరు దూరని సందులో
చాటంత మిగిలుంటే
టిఫిను క్యారేజీలో ఎత్తుకోనొచ్చినాను
అటూ ఇటూ చూసుకుంటా, దొంగ మాదిరి.

రెండు చెంచాలు గిన్నెలో వేసి
నిమ్మకాయ పిండింది హంసవేణి.
బుడగలొస్తే సున్నముందని లెక్క.
ఇద్దరం ఊపిరి బిగబట్టినాం.
ఏమీ రాలేదు.

ఇంక కడగడం.
మా ఆడామె వేలికి వచ్చిన స్టోరు బియ్యం కడిగినట్టే.
మొదటి నీళ్ళు బెల్లప్పాకం. ఐదో నీళ్ళు టీ.
పన్నెండోసారికి
బకెట్ అడుగున పాత పగులు అగపడింది.
ఒక సీసాపెంకు, చొక్కా గుండీ ఒకటి,
నత్తగుల్లలు. వాటినీ ఏరి పారేసింది బిడ్డ,
అవీ సున్నమేనంట.

రెండు వేళ్ళ మందం చాలన్నాడు చెంగల్రాయులు,
ఎక్కువైతే కింద గాలాడక కుళ్ళుతాదంట.
నీళ్ళలో చెయ్యి ముంచి
రెండు వేళ్ళూ అడ్డంగా ఇసుకలో పెట్టి కొలిచినాను.
తీసినాక గుంట మిగిలింది.
మెత్తని గుంట. గీతల్లేవు.

చేపల్ని వదిలినాం.
శానాసేపు ఏదీ కదల్లేదు.
ఆమీద ఒకటి
మొండి మూతినే ఇసుకలోకి గుచ్చింది.
నోటినిండా తీసుకోని
మొప్పల పక్క నుంచి సన్నంగా వదిలింది,
బీడీ పొగ మాదిరి.

"మళ్ళా మొలుస్తాయా నాయనా?"
"నీళ్ళు బాగుంటే మొలుస్తాయంట."
"మరి నీవి?"
లైటు ఆర్పమన్నాను.

తెల్లారి డ్యూటీకి పోతా తొంగి చూస్తే
నా వేళ్ళ గుంటలో
పొట్ట ఆనించుకోని పడుకోనుంది ఒకటి.
మిగిలిన ఐదింటినీ లెక్కపెట్టేలోపే
సందు చివర
ఫ్యాక్టరీ వ్యాను హారన్ కొట్టింది.