ఏడో నంబరు కాటా

మా శాఖలో కాటాలు తొమ్మిది.
ఏడో నంబరుది ఒక గ్రాము ఎక్కువ చూపిస్తుంది,
అయినా అందరూ దాన్నే అడుగుతారు, మోయడానికి తేలికని.
పదహారేళ్ళుగా ఆ బీరువా తాళం నా మొలలోనే ఉంది.
పోషకాహారంలో ఎమ్మెస్సీ చెయ్యడానికి
ఈ సర్కారు విశ్వవిద్యాలయానికి వచ్చే పిల్లలు
మొదటి సంతకం నా పుస్తకంలో పెడతారు.

మెసెలెచ్ ఏడో నంబరు చంకన పెట్టుకుని
హవాసా సరస్సుని వెనక వదిలేసి
బస్సు ఆగిపోయిన చోటునుంచి గాడిద బండెక్కి
కొండమీది ఎన్సెట్ తోటల్లోకి వెళ్ళింది.
చూస్తే అరటే. పండు నమ్ముకుంటే పస్తే.
బోదె గీకి, ఆ పిప్పిని గోతిలో పాతి,
నెలల తరబడి పులియనిచ్చి
రొట్టె కాలుస్తారు అక్కడి ఆడవాళ్ళు.
తిరిగొచ్చిన కాటాని స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచాను,
పులుపు వదల్లేదు.

నిన్న పొద్దు పొడిచిన దగ్గర్నుంచి
ఇవాళ పొద్దు పొడిచేదాకా
ఏం తిన్నారు, ఎంత తిన్నారు?
ఎనభై నాలుగు ఇళ్ళు, ఇదే ప్రశ్న.

షితాయె అనే ఆవిడ
పెద్దాడి రొట్టె ముక్క ఎంతో అరచేతి మీద గీత గీసి చూపించిందట.
చంటిదాని పాలు ఏ కప్పులో పోసిందో,
ఆ కప్పుకి సొట్ట ఎటువైపుందో,
మొగుడు పక్కకి తోసేసిన ఆకుకూర ఎవరి నోట్లోకి పోయిందో,
అన్నీ చెప్పిందట.
మరి నువ్వు?
"అడుగూ బొడుగూ."

ఫారంలో ఆ వంటకానికి కోడ్ లేదు.
మెసెలెచ్ కుండ తూచింది,
ఆవిడ చేత గీకించి మళ్ళీ తూచింది.
ముప్పై ఆరు గ్రాములు.
నా కాటా సంగతి తెలుసు కాబట్టి చెబుతున్నాను,
రెండుసార్లు తూచి తీసేస్తే ఆ తేడా ఉండదు, ముప్పై ఆరే.
అందులో మాడెంతో మాత్రం ఏ కాటా చెప్పదు.

పద్ధతి ప్రకారం వారం ఆగి రెండోసారి వెళ్ళాలి.
షితాయె గడపలోనే నిలబడి ఉందట,
పాఠం ఒప్పజెప్పే పిల్లలాగా.
"నిన్న గుడ్డు తిన్నాను. ఒకటి. మొత్తం నేనే."
ఎందుకూ అంటే,
"పోయినసారి నా గడిలో రాసుకోడానికి నీకేం దొరకలేదు కదా.
నీకు మార్కులు తగ్గుతాయేమోనని."

డాక్టర్ యిల్మా ఆ గుడ్డు తీసెయ్యమన్నాడు.
అడగబోతున్నామని తిన్నది రోజువారీ తిండి కాదన్నాడు.
ఆయన మాట తప్పు కాదు.
"తిన్నది తిన్నదే కదా సార్,
ఆ మాంసకృత్తులు ఆవిడ ఒంట్లోకే కదా పోయాయి?"
వరండాలో రెండు రోజులు నడిచింది వాదన.
నేను బీకర్లు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ
ఒకే వరసని నాలుగుసార్లు లెక్కపెట్టాను.

గుడ్డు పట్టికల్లో లేదు.
చివరి అధ్యాయంలో, అధ్యయన పరిమితులు అన్న చోట,
ఒక వాక్యమై కూర్చుంది.
వైవా రోజున టీ అందించడానికి నేనూ ఆ గదిలో ఉన్నాను.
బయటినుంచొచ్చిన పరీక్షకుడు కాటా గురించి అడిగాడు,
కుండ గురించి అడిగాడు,
ఆ పేజీ తిప్పేశాడు.
మెసెలెచ్ మంచినీళ్ళు అడిగింది నన్ను.

నిన్న కొత్త బ్యాచ్ కుర్రాడొకడు
ఏడో నంబరుకి సంతకం పెట్టాడు.
"రెండోసారి ఎప్పుడొస్తావో ముందే చెప్పకు,
లెక్క చెడుతుంది" అన్నాను,
పదహారేళ్ళ పెద్దరికంతో.

వాడు గేటు దాటాక ఏమనిపించిందో,
చెప్పెయ్, ప్రతి ఇంటికీ చెప్పెయ్,
వారం వారం వస్తానని చెప్పెయ్ అందామని
తాళాల గుత్తి గలగలమంటుంటే మెట్లు దిగి పరిగెత్తాను.

బస్సు వెళ్ళిపోయింది.
బీరువా తెరిచే వదిలేసొచ్చానని
అప్పుడు గుర్తొచ్చింది.