పడని కప్పు

బల్లార్షల పొద్దుగాల
కాగితం మిల్లు వాసన, వార్ధా మీదికెల్లొచ్చే మంచు
రెండూ ఒకటే సైకిలెక్కి
మూడో నంబరు బాయి గేటు దాక వస్తయి.

ఇయ్యాల నా చేతికి కర్ర ఇచ్చిండ్రు.
ఆరడుగుల బద్ద, కొసకు ఇనుప పొన్ను.
స్టోరు గుమాస్త సంతకం పెట్టించుకొని
"సర్దారువైనవు, చాయ్ ఎప్పుడు?" అన్నడు మరాఠీల.
నవ్విన గని
నాకు ఓదెలన్న యాదికొచ్చిండు.

షిఫ్టుల అందరికంటె ముందు ఆయన పోయేటోడు.
మేం పద్దెనిమిదిమందిమి జంక్షన్ కాడ
తంబాకు నలుసుకుంట ఆగేటోళ్ళం.
చీకట్ల దూరంగ ఒక్కటే టోపీ లైటు.
టక్.
మల్ల టక్.
కర్రతోని కప్పును కొట్టి
దాని జవాబు కోసం ఊపిరి బిగబట్టి నిలబడేటోడు.
గట్టి రాయి గంట లెక్క పలుకుతది.
లోపల విడిన రాయి
ఓటికుండ లెక్క గొణుగుతది.
"రాయి అబద్ధమాడది, మన చెవులే తొందరపడతయి"
గంతే నేర్పిండు. పుస్తకమేం లేదు.

దేవుడేం గాదు ఓదెలన్న.
అడిగి తీసుకున్న తంబాకు తిరిగియ్యడు.
ఛత్తీస్‌గఢ్ ఫిరంత్రామ్ పేరు
పదేండ్లు తప్పే పలికిండు.

ఆయన గొంతు లేసుడు ఒక్కపారే విన్న.
మార్చి ఆఖరు. టార్గెట్‌కు నలభై టబ్బులు తక్కువ.
పిదుర్‌కర్ సాబ్ రిజిస్టరు ముందట పెట్టి
"సేఫ్ అని రాసెయ్" అన్నడు.
"రాండ్రి సాబ్, ఆ రాయి కింద నిలబడి
మీరే రాయుండ్రి!"
సాబ్ రాలే.
తెల్లారి దిమ్మెలు వచ్చేదాక
మేం గోడకానుకొని కూసున్నం.
బోనసు పోయింది.

పొద్దున ముస్టరు కాడ, అందరి ముందు,
గోండీల రెండు ముక్కలు, తెలుగుల నాలుగు, మిగిలింది హిందీల:
"పోగొట్టింది నేను. సాబ్ గాదు, యూనియన్ గాదు.
తిట్టాల్నంటె నన్ను తిట్టుండ్రి."

తిట్టినం.
ఫిరంత్రామ్ పెండ్లాం కమ్మలు కుదువ నుంచి ఇంటికి రాలే.
సోనేరావు ఆత్రం నెల దినాలు
ఆయనతోని మాట్లాడలే.
ఎందుకంటె,
ఆ కప్పు పడలే.
ఆ రాత్రి పడలే, ఆ వారం పడలే,
దిమ్మెలు నిలబెట్టి బొగ్గంత తీసినా పడలే.
"ముసలోడు ఊకెనే భయపడ్డడు" అన్న నేను
స్టేషన్ రోడ్డు చాయ్ హోటల్ల.
వెనుక బల్ల మీదనే ఉన్నడట.
తెల్లారి పిట్ ముందట
నా బ్యాటరీ బెల్టు వదులైందని
తనే వంగి బిగించిండు.

పడ్డ కప్పుకు కాగితాలుంటయి.
తేదీ, పేర్లు, వారసుల వేలిముద్రలు.
పడని కప్పుకు ఏ రిజిస్టరుల జాగ లేదు.
సోనేరావు బిడ్డ పెండ్లిల
పద్దెనిమిదిమందిమి ఒక్క బంతిల కూసున్నప్పుడు
లెక్కపెట్టిన నేను, ఎవలకు చెప్పలే.
అన్నం వడ్డించుకుంట పోతున్న ఓదెలన్న
నా ఆకు కాడ ఆగి
"ఏందిరా, తక్కువైందా?" అన్నడు.
లేదన్న, సరిపోయింది.

ఇప్పుడు నేను ముందు, లైట్లన్నీ వెనుక.
కర్ర ఎత్తిన.
టక్.
గంట గాదు, కుండ గాదు,
రెండిటి నడుమ ఏదో.
ఆయన ఉండగ ఇసొంటి చప్పుడు ఎన్నడన్న వచ్చిందో లేదో
అడగలే నేను.

"క్యా హువా సర్దార్?" జంక్షన్ కాడికెల్లి
ఎవలో పడుసు గొంతు, తొందరగ.

సర్దార్ అంటె నేనేనని
తెలుసుకునేతందుకు ఓ నిమిషం పట్టింది.

"ఆగుండ్రి" అన్న.
"ఇంక వింటున్న."