హోల్డాన్

పదిహేడేళ్ళు ఈ ఘాటుకి
వీపు చూపించి నిలబడ్డాను.
సాలూరు డిపో, కోరాపుట్ సర్వీసు.
నా ఎదుట ఎప్పుడూ మొహాలే,
కొండలు వెనకెక్కడో తిరుగుతుండేవి.
మలుపు ఎటో నడుముకి తెలిసేది:
కుడికి వాలితే పి.కోనవలస దాటినట్టు,
ఎడంకి వాలి గేరు మూలిగితే
సుంకి దగ్గరపడినట్టు.
ఆ లోపల చిల్లర తేల్చేయాలి.

రిటైరైన మూడో నెల
తవిటినాయుడు సైకిలొకటి నడిపించుకొచ్చి
గోడకి జారేశాడు.
"ఇంటికాడ కూకుని ఏటి సేస్తావు బావూ,
ఆదివారం ఎల్దుం రా."
సాలూరు ఇంకా
విజయనగరం జిల్లాలోనే ఉన్న రోజులు.

ఆరుగురం.
లారీ బాడీలకి రంగులేసే తవిటినాయుడు,
హైస్కూలు డ్రిల్లు మేడం నీలవేణి,
ఆమె గేర్ల సైకిల్ని కళ్ళతోనే తొక్కేస్తున్న
హేమసుందర్, వాడి తమ్ముడు,
పంపుని తుపాకీలా భుజానేసుకున్న
పంచర్ల అసిరయ్య.
ఆఖర్న నేను, మంకీ క్యాపులో.

వేగావతి వంతెన మీద చీకటి పోలేదు.
లారీల కింద దుప్పట్లలో క్లీనర్లు.
శ్యామలాంబ గుడి వైపు తిరిగి
అసిరయ్య దండం పెట్టాడు,
అదే చేత్తో అందరి టైర్లూ నొక్కి చూశాడు.

మొదటి మలుపులో కాళ్ళు పోయాయి,
రెండోదాంట్లో ఊపిరి,
మూడోదాంట్లో పరువు.
దిగి నడిచాను.
పైనుంచి దిగే లారీలు
మొహం మీద వేడి ఊది పోతున్నాయి.
"అదిగో, నా నెమలి!" అని అరిచాడు తవిటినాయుడు
వెనక తలుపు మీది రంగుని చూసి.
డ్రైవరు హారన్ కొట్టాడు,
ఎందుకో తెలియకపోయినా.

కొండచీపుర్ల మోపు నెత్తినెట్టుకుని
ఒక ముసలమ్మ నన్ను దాటిపోతూ
"సైకిలు నిన్ను మోస్తందా తాతా,
నువ్వే దాన్ని మోస్తన్నావా?" అంది.
ఆమెని ఎరగను. ఆ మోపుని ఎరుగుదును.
లగేజీ టికెట్టు కొట్టాల్సిందేనని
వానలో, ఇదే మలుపులో,
అలాంటి మోపుల్ని ఎన్నిసార్లు దింపేశానో.
ఏదో అందామనుకున్నాను.
ఊపిరి లేదు.
ఉన్నా ఏం అందును?
ఆమె అప్పటికే అడ్డదారిలో పైకెక్కేసింది.

తొమ్మిదింటి బస్సు వచ్చింది.
పక్కకి ఒరిగి నిలబడ్డాం.
కిటికీలోంచి కొత్త కండక్టరమ్మాయి,
రాడ్డుకి నడుము ఆనించి
మిషను మీద వేళ్ళు టకటకలాడిస్తూ
లోయకి వీపు పెట్టి.

ఆ పై మలుపులో మంచు విడిపోయింది.
వలిసెపూల పసుపు
ఒక కొండ వాలంతా పరుచుకుని ఉంది,
దాని వెనక నీలం, నీలం వెనక బూడిదరంగు,
ఆ వెనక కొండో మబ్బో.
కింద మేమెక్కొచ్చిన రోడ్డు
చేతిలోంచి జారి విడిపోయిన టికెట్ల రోలులా
చుట్టలు చుట్టలుగా పడుంది.

స్టేజీ లేని చోట ఆపగూడదు.
రూలు.
నా గొంతు నన్నడక్కుండానే
"హోల్డాన్!" అంది.
ఐదు జతల బ్రేకులు కీచుమన్నాయి.
"ఎవలు దిగాల?" అన్నాడు హేమసుందర్ తమ్ముడు.
ఎవరూ నవ్వలేదు, కాసేపు.
నీలవేణి సీసాలోంచి చోడి అంబలి పోసింది.
అసిరయ్య పంపు కింద పెట్టాడు,
పొద్దుట్నుంచీ అదే మొదటిసారి.
రైట్ అనడానికి
నాకు ఎంతకీ మనసొప్పలేదు.

సుంకిలో టీ తాగి వెనక్కి తిరిగాం.
దిగేటప్పుడు కాళ్ళకి పని లేదు.
పనంతా వేళ్ళదే,
లివర్లు పట్టీ పట్టీ కొయ్యబారిపోయాయి.
రాత్రి ముద్ద కలపలేకపోతుంటే
మా ఇంటిది కంచం లాక్కుని కలిపిపెట్టింది.
"ఇంతకీ ఎన్ని మలుపులేటి ఆ దారికి?"

పదిహేడేళ్ళు నిద్రలో అడిగినా చెప్పిన లెక్క.
నీళ్ళు తాగాను.
మళ్ళీ అడిగింది.